పట్టని మూత

కొత్త కుక్కరు గిన్నెకి పాత మూత పట్టదు. ఈపాటి సంగతి తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చాలు. కానీ పెట్టి చూసేవాళ్ళు కొనరు, కొనేవాళ్ళు పెట్టి చూడరు. ఆయనగారు దుకాణంలో తగ్గింపు ధర చూసి గిన్నె ఒక్కటే పట్టుకొచ్చారు. "మూత బాగానే ఉందిగా, దానికి కూడా దండగెందుకు?" అన్నారు. పాత గిన్నె అదే పూట పాత సామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోయింది, ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కుక్కరు కూత వెయ్యడం మానేసి నిట్టూర్చడం మొదలుపెట్టింది.

"ఏమండీ, ఆవిరంతా పక్కల్నించి పోతోంది. మూత పట్టట్లేదు."

"ప్రతిదానికీ ఒక గొడవ. కొంచెం సర్దుకోకూడదూ?"

అత్తగారు హాల్లోంచి అందుకున్నారు. "మా రోజుల్లో మూతెక్కడిదమ్మా! పళ్ళెం బోర్లించి వండలేదా, మీరంతా తిని ఇంతవాళ్ళు కాలేదా!"

ఆ పళ్ళెం కింద పెరిగింది ఆవిడ కొడుకే గానీ కోడలు కాదన్న సంగతి ఆవిడకి తట్టలేదు. కోడలూ గుర్తుచెయ్యలేదు. చారెడు గోధుమపిండి తడిపి, తాడులా పేని, మూత చుట్టూ మెత్తింది. కుక్కరు కూసింది.

"చూశావా, పట్టింది! ఇందాకట్నుంచీ ఊరికే రాద్ధాంతం చేశావు," అన్నారు అత్తగారు. "నేను చెప్పలా?" అన్నారు ఆయన, తను చెప్పిందేమిటో తనకే గుర్తులేకపోయినా.

ఇక అది రోజూ పనైంది. పొద్దున్నే లేచి పిండి తడపాలి, మెత్తాలి, ఉడికాక మాడి అట్టకట్టిన పిండిని చెంచా అంచుతో గీకాలి. గీకేటప్పుడు ఆమె ఆలోచించేది. వంటకి వంట అని పేరుంది, అంట్లకి అంట్లని పేరుంది. ఈ గీకుడికి పేరు లేదు. పేరు లేని పని చేసినట్టు ఎవరికీ తెలియదు, మానేస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. గోళ్ళలో ఇరుక్కున్న పిండిని బస్సులో పిన్నీసుతో తీసుకుంటూ ఆఫీసుకి వెళ్ళేది.

ఆఫీసులో కూడా ఆమె పని మూతలు పట్టించడమే. ఇక్కడ దానికి జీతముంది, అదొక్కటే తేడా.

అదెలాగంటే, ఒక పెద్ద బీమా కంపెనీలో ఉద్యోగులందరి బల్లల మీదా తెరలే ఉంటాయి, వాటి వెనక కంప్యూటరంటూ ఏమీ ఉండదు. కంప్యూటర్లన్నీ ఎక్కడో చల్లటి గదిలో, కొన్ని పెద్ద యంత్రాల పొట్టల్లో ఉంటాయి. వాటిని వర్చువల్ డెస్క్‌టాప్‌లంటారు. ఉన్నట్టే కనిపిస్తాయి, చెయ్యి పెడితే తగలవు, మధ్యతరగతివాళ్ళ పొదుపులాగా. వాటన్నిటినీ కిందనుంచి మోసే పొర పేరు హైపర్‌వైజర్. పేరు వింటే సూపర్‌వైజర్‌కి మేనమామలా ఉంటుంది గానీ, పాపం దాని పని మోతే. ఒక్కొక్క యంత్రాన్నీ వాటాలు వేసి, ఏ వాటాలోవాళ్ళకి ఆ వాటాలో ఇల్లంతా తమదే అనిపించేలా చెయ్యాలి. ఉమ్మడి కుటుంబాల్లో ఈ పని ఎవరో ఒక ఆడమనిషి చేస్తూనే ఉంటుంది, ఇంత గొప్ప పేరు లేకుండా.

చిక్కల్లా అప్‌డేట్లతోనే. కింది పొరని మార్చినప్పుడు పైనున్న డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కి అది పొసగాలి. పొసగకపోతే ఉద్యోగి పొద్దున్నే వచ్చి పాస్‌వర్డ్ కొడతాడు. తలుపు తెరుచుకుంటుంది, లోపల దీపం ఉండదు. నల్లటి తెర మీద బాణం గుర్తొక్కటే దారితప్పిన దోమలా తిరుగుతుంటుంది. అలా జరగకుండా చూడటానికే ఆమె పనిచేసే సంస్థని ఆ బీమా కంపెనీ పెట్టుకుంది.

ఆ బీమా కంపెనీలోనే ఆయన క్లెయిముల ఆఫీసరు.

ఈ విషయం ఆయనకి తెలియదు. దాచిందేం కాదు. ఆ కాంట్రాక్టు తమ సంస్థకి వచ్చినరోజే ఆమె సంబరంగా వచ్చి, "ఏమండీ, మీ ఆఫీసు కంప్యూటర్లు ఇకనుంచీ..." అని మొదలుపెట్టింది. టీవీలో ఆట రసపట్టులో ఉంది. "ఆఁ, తర్వాత చెప్పు," అన్నారు. ఆ తర్వాత ఇంకా రాలేదు. చుట్టాలకి మాత్రం ఆయన, "మా ఆవిడ కంప్యూటర్ల దగ్గర ఏదో చేస్తుంది," అని చెప్పేవారు. అత్తగారైతే ఇంకా సులువుగా, "మీటలు నొక్కే ఉద్యోగం," అనేవారు. ఆఫీసులో ఆమెది పుట్టింటి ఇంటిపేరు, కాబట్టి అక్కడా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆఫీసులో ఆమె పైవాడికి అందరూ పెట్టిన పేరు లెండిగారు. ఏం చెప్పినా చివర "లెండి" అంటాడు గనక. "అవుతుంది లెండి", "చూద్దాం లెండి", "పోయేదేముంది లెండి." ఆయనతో మాట్లాడితే ఏ పనైనా అయిపోయినట్టే ఉంటుంది, చేసేవాళ్ళకి తప్ప.

"సార్, ఈ కొత్త అప్‌డేట్ మన పాత డిస్‌ప్లే డ్రైవర్‌కి పొసగదు," అని ఆమె ముందే చెప్పింది. "పరీక్ష యంత్రం మీద వేసి చూశాను, తెర నల్లబడింది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తది వచ్చేదాకా ఆగుదాం."

"పైనున్నవి సర్దుకుంటాయి లెండి. ప్రతిసారీ మీరేదో చేస్తూనే ఉన్నారుగా."

చేస్తూనే ఉంది, అదే కొంప ముంచింది. ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసి రెండు పొరల మధ్యా కూర్చోబెట్టింది. అది కిందదానితో, "పైనున్నది కొత్తదేనండీ," అంటుంది. పైదానితో, "కింద ఏమీ మారలేదండీ," అంటుంది. రెండూ అబద్ధాలే. "మీ అమ్మగారు నన్నేమీ అన్లేదండీ," అని మొగుడితోనూ, "మీ అబ్బాయి మిమ్మల్నేమీ అన్లేదండీ," అని అత్తగారితోనూ చెప్పి కొంప నిలబెట్టినవాళ్ళకి ఇలాంటి ప్రోగ్రాం రాయడం ఏమంత కష్టం కాదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా సెలవురోజు కూర్చుని దాన్ని మళ్ళీ సాగదీసేది. మనసులో దానికి పిండి అని పేరు పెట్టుకుంది.

అత్తగారి కళ్ళ పరీక్షకని ఆమె సెలవు పెట్టిన రోజు చూసి, లెండిగారు అప్‌డేట్ వేయించేశాడు. ఈసారి పిండి నిలవలేదు.

మర్నాడు ఆమె సీట్లో కూర్చునేసరికి బీమా కంపెనీలో క్లెయిముల విభాగమంతా చీకటి. సెల్‌ఫోన్లలోంచి పంపిన ఫిర్యాదులు వడగళ్ళలా పడుతున్నాయి. అన్నిటికంటే పైన, పెద్దవాళ్ళందరికీ నకలు పెట్టి మరీ, ఒకటుంది: "ఇది ఎవడి నిర్వాకమో గానీ వాడికి బుర్రలో గుజ్జు లేదు. ముందు వాణ్ణి ఆ సీట్లోంచి లేపండి. అంతదాకా నేను ఊరుకోను." కింద ఉన్న పేరు ఆమెకి బాగా తెలుసు. పెళ్ళి శుభలేఖలో తన పేరు పక్కనే చూసింది.

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. కోపం రాలేదు, ముందు ఆశ్చర్యమే వేసింది. బుర్రలో గుజ్జు లేదన్న మాట ఆమెకి కొత్తదేం కాదు, ఇంట్లో పూటకొకసారి వినేదే. కానీ ఇంట్లో అది గాల్లో కలిసిపోయేది. ఇక్కడ అచ్చులో, తేదీతో, రసీదుతో సహా వచ్చింది. ఇన్నేళ్ళకి ఆయన ఆమె పని గురించి రాసిన మొట్టమొదటి మాట ఇదే గదా అని కూడా అనిపించింది. రోజంతా పిండిని అటు లాగి ఇటు లాగి చూసింది. తెరలు కాసేపు వెలిగేవి, మళ్ళీ ఆరేవి.

సాయంత్రం లెండిగారు పిలిచాడు. "కంపెనీవాళ్ళు బాధ్యులెవరో చెప్పమంటున్నారు. మీ పేరిచ్చాను లెండి."

"అప్‌డేట్ వెయ్యొద్దన్నది నేను కదా సార్?"

"అందుకే, విషయం మీకే బాగా తెలుసని. ఆ ఆఫీసరెవరో పట్టుబట్టి కూర్చున్నాడు. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే మిమ్మల్ని ఈ పనిలోంచి తప్పించాలి, వేరే ఖాళీలు కూడా ఏం లేవు ప్రస్తుతం. రేపొకసారి ఫోన్ చేసి సారీ చెప్పెయ్యండి. ఆడగొంతు వింటే చల్లబడతాడు లెండి."

ఉరుము ఉరిమి మంగళం మీద పడిందంటారు. ఇక్కడ ఉరిమినవాడు రాత్రికి ఇంటికొచ్చి అన్నం కూడా పెట్టమంటాడు.

పెట్టింది. ఆ రోజు ఆయన హుషారుగా ఉన్నారు.

"ఇవాళ ఆఫీసులో ఒకడికి ముచ్చెమటలు పట్టించాను. కంప్యూటర్లన్నీ పడుకోబెట్టాడు వెధవ. వాడి ఉద్యోగం ఊడేదాకా వదల్ను."

"మంచి పని చేశావురా," అన్నారు అత్తగారు. "ఊరికే జీతాలు తినేవాళ్ళు ఎక్కువైపోయారు."

ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటెడు వేసింది. "వాడికీ ఒక ఇల్లుంటుందేమో కదండీ."

"ఉంటే?"

"ఉద్యోగం పోతే ఇంట్లోవాళ్ళ గతేంటి?"

"వాళ్ళే సర్దుకుంటారు. నీళ్ళు పెట్టు."

ఆమె నీళ్ళు పెట్టింది. ఆ ఇంటి అద్దెలో సగమెవరిదో, అత్తగారి కళ్ళజోడు ఎవరి జీతంలోంచి వచ్చిందో చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే, "లెక్కలు చెబుతున్నావా?" అంటారు. ఆ ఇంట్లో లెక్కలు అడగడం మగవాడి బాధ్యత, చెప్పడం ఆడదాని పొగరు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే ఆమె పిండిని తీసేసింది.

"అదేంటండీ, దాన్ని తీసేస్తే మొత్తం పడిపోదూ?" లెండిగారు కుర్చీలోంచి లేచాడు. ఆయన ఏ విషయానికైనా కుర్చీలోంచి లేవడం ఆఫీసులో ఎవరూ చూడలేదు.

"పడిపోయేదాన్ని ఇన్నాళ్ళూ పట్టుకున్నాను సార్, అందుకే మీకు తెలియలేదు. పైవి ఇక సర్దుకోవు. ఈసారి కిందదే వెనక్కి తగ్గాలి."

"వేసిన అప్‌డేట్ వెనక్కి తీస్తే పైవాళ్ళ దగ్గర నా పరువేం కాను?"

"సర్దుకుంటుంది లెండి," అంది ఆమె.

హైపర్‌వైజర్‌ని పాత మెట్టుకి దింపింది. ఒక్కొక్క యంత్రం మీదున్న డెస్క్‌టాపుల్ని పక్కదాని మీదకి జరిపి, ఖాళీ అయినదాన్ని వెనక్కి తిప్పి, మళ్ళీ ఎక్కించింది. నిద్రపోతున్న పిల్లల్ని ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదకి మార్చినట్టు. ఎవరూ కదల్లేదు, ఎవరూ మెలకువ తెచ్చుకుని థాంక్స్ చెప్పలేదు. భోజనాలవేళకి తెరలన్నీ వెలిగాయి.

ఇక మిగిలింది ఫోన్. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని నంబరు నొక్కింది. ఆ నంబరు ఆమె వేళ్ళకి కంఠతా వచ్చు. ఆయన తెర మీద మాత్రం హెల్ప్ డెస్క్ అని పడుతుంది.

"నమస్కారమండీ. హెల్ప్ డెస్క్ నుంచి మాట్లాడుతున్నాను. మీరు పెట్టిన ఫిర్యాదు గురించి."

'నువ్వేంటే ఇక్కడ?' అని వినబడుతుందనుకుంది.

"చెప్పండి మేడమ్," అన్నారు ఆయన.

ఆయన ఆమె గొంతు గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతారు? వస్తున్నా, పెడుతున్నా, ఆఁ, అయిపోయింది. ఆయనెరిగిన గొంతు ఆ ముక్కల్లోనే ఉంటుంది. పూర్తి వాక్యాల్లో ఉన్న ఆమె గొంతుని ఆయన ఎన్నడూ వినలేదు.

అందుకని పూర్తి వాక్యాల్లో చెప్పింది. కింది పొర గురించి, పై పొర గురించి, మధ్యలో పెట్టిన పిండి గురించి. ఆయన మధ్యలో అడ్డురాలేదు. టీవీ చప్పుడు లేదు. "ఒక్క నిమిషం మేడమ్, ఆ ముక్క ఇంకోసారి చెప్పండి," అని కూడా అడిగారు. ఎంత శ్రద్ధగా విన్నారంటే, ఆమెకి మధ్యలో ఏడుపొచ్చింది. ఒక గుక్కెడు నీళ్ళు మింగి ఆపుకుంది.

"అయితే మేడమ్, పైనున్నవాళ్ళకి మాటమాత్రం చెప్పకుండా కింద మార్చేశారన్నమాట!"

"అవునండీ. సర్దుకుంటారనుకున్నారు."

"ఎంతకని సర్దుకుంటారు మేడమ్? అన్యాయం కాదూ! మీరు ముందే చెప్పలేదా వాళ్ళకి?"

"చెప్పానండీ. తర్వాత చెప్పమన్నారు."

"అలాంటివాళ్ళతో ఎలా వేగుతున్నారండీ మీరు!"

"అలవాటైపోయిందండీ," అంది.

ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. సారీ అడగలేదు, ఆమె చెప్పలేదు. పెట్టేసేముందు ఆయనే కాస్త గొంతు తగ్గించి, "మీరింత వివరంగా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది మేడమ్. మా ఇంట్లోనూ ఒకత్తుంది, కంప్యూటర్ల దగ్గరే ఏదో. ఒక్క ముక్క నోరు విప్పి చెప్పదు. మీ ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు," అన్నారు.

ఆమె హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టింది.

లెండిగారు మురిసిపోయాడు. "మీరు ఫోన్లో బ్రహ్మాండంగా మాట్లాడతారు. ఇకనుంచీ ఫిర్యాదులన్నిటికీ సారీలు మీరే చూసుకోండి, మీ పనితో పాటే."

"చూసుకోను లెండి. ఇకమీదట కింద ఏం మార్చాలన్నా ముందు నా సంతకం కావాలి."

"అంత అవసరమా?"

"అవసరం లెండి."

ఆ రాత్రి కంచం ముందు ఆయన ఇంకా ఆ ఫోన్ గురించే చెప్పారు. "ఎంత మర్యాదో ఆవిడకి! ఎంత జ్ఞానం! పైకీ కిందకీ నడుమ నలిగిపోతూ, పాపం, ఎవరినీ ఒక్క మాటన్లేదు. అలాంటి మనిషి ఒక్కత్తి ఉంటే చాలు, ఇల్లైనా ఆఫీసైనా."

"బాగా చదువుకున్న పిల్లయ్యుంటుందిరా," అన్నారు అత్తగారు.

"నీకూ ఉంది ఉద్యోగం," అని ఆయన ఈవిడ వైపు తిరిగారు. "అలాంటివాళ్ళని చూసి నేర్చుకో."

"నేర్చుకుంటానండీ," అంది ఆమె.

తెల్లారింది. ఆమె గిన్నె పొయ్యి మీద పెట్టింది, మూత పెట్టింది, పిండి డబ్బా జోలికి పోలేదు. స్నానం చేసి, తల దువ్వుకుని, కాఫీ కప్పుతో వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కుక్కరు చుట్టూతా బుసలు కొట్టింది. వంటిల్లంతా ఆవిరి. కింద గింజలు అడుగంటాయి, పైన రాళ్ళలా మిగిలాయి.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చారు. "ఇదేంటమ్మాయ్, మూత పట్టట్లేదు?"

"అది ఎప్పుడూ పట్టలేదత్తయ్యగారూ."

"అదేం మాట! నిన్నటిదాకా పట్టిందిగా?"

"నిన్నటిదాకా నేను పట్టుకున్నాను."

అత్తగారికి అర్థం కాలేదు. ఆయన సగం గడ్డం గీసుకున్న మొహంతో వచ్చారు. "ఇదుగో, ఏంటీ పొగ? బాక్సు ఎప్పుడు కడతావు? నీ బుర్రలో అసలు..."

ఆమె కప్పు కింద పెట్టింది. వెన్ను నిటారుగా పెట్టి, ఆఫీసు గొంతుతో, పూర్తి వాక్యాల్లో చెప్పింది.

"నమస్కారమండీ. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. సమస్య మూతలో లేదండీ. పైనున్నవాళ్ళకి మాటమాత్రం చెప్పకుండా కింద మార్చేశారు. సర్దుకుంటారనుకున్నారు. ఎంతకని సర్దుకుంటారండీ?"

ఆయన చేతిలో గడ్డం కత్తి ఆగిపోయింది. నురగ ఉన్న వైపు మొహం ఏమైందో తెలియదు గానీ, లేని వైపు మాత్రం తెల్లబడింది. కుక్కరు ఒక్కటే మాట్లాడుతోంది.

"ఛీ! నీకా నేను మేడమ్ అన్నది?"

క్షమించమంటారేమోనని ఎక్కడో ఒక మూల ఆమె అనుకుంది. ఆయన బాధ 'వాణ్ణి లేపండి' అని రాసినందుకు కాదు, ఆమెని 'మీరు' అన్నందుకు. మర్యాద తప్పు చిరునామాకి వెళ్ళిపోయింది, వెనక్కి తెప్పించుకునే దారి లేదు.

"పోనీలే, ఇంట్లో మనిషివని వదిలేస్తున్నా," అని కూడా అన్నారు, వెళ్ళిపోతూ. బాక్సు లేకుండా వెళ్ళారు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండును. కానీ అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక కొత్త చిక్కొచ్చిపడింది. ఆయన ఆమెని 'నువ్వు' అనలేకపోతున్నారు. అనబోతే ఆ ఫోన్లో గొంతు గుర్తొచ్చి నాలుక మడతపడుతోంది. 'మీరు' అందామంటే అహం అడ్డొస్తోంది. అందుకని మనిషే లేకుండా మాట్లాడుతున్నారు. "కాఫీ దొరుకుతుందా?" అని గోడనడుగుతారు. "చొక్కా ఇస్త్రీ అయినట్టు లేదు," అని చొక్కాకే చెబుతారు. అత్తగారు కొడుక్కి ఏదో గాలి సోకిందని భయపడుతున్నారు. పిండి మెత్తని మూత అలాగే ఉంది. కొత్త మూత కొనాలంటే ఆయన దుకాణానికి వెళ్ళాలి, వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె కొనగలదు. కొనదు. ఆమెకి సరిపడా అన్నం చిన్న గిన్నెలో వండుకుని, బాక్సు కట్టుకుని, పిన్నీసు అవసరం లేని గోళ్ళతో బస్సెక్కుతోంది.

అయ్యలారా, అమ్మలారా, మీలో ఇలాంటివి బాగుచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆయన్ని వెనక్కి తిప్పుదామంటే పాతాయన ఆమెకి వద్దు. కొత్తాయన ఇంకా విడుదల కాలేదు, అవుతాడో లేదో తయారుచేసినావిడకే నమ్మకం లేదు. అటూ ఇటూ కాకుండా నల్లటి తెర మీద బాణం గుర్తులా తిరుగుతున్న ఈ మనిషితో ఆమె ఏం చెయ్యాలి? ఎవరేం చెప్పినా ఓపిగ్గా వింటుంది. కొంచెం సర్దుకోమని మాత్రం చెప్పకండి. డబ్బాలో పిండి అయిపోయింది.